ఇంట్లో కూర్చోబెట్టి జీతం ఇస్తున్న వాళ్ళను చూస్తే కోపం వస్తోంది, నాదే తప్పా?

లెక్కలసార్_జనగామ
9 ఏప్రిల్ 2021, రాత్రి 11:40

ఇది రాయాలా వద్దా అని మూడు రోజులుగా ఆలోచిస్తున్నా. నేను ప్రైవేటు హైస్కూల్లో 11 ఏళ్ళుగా లెక్కలు చెప్తున్నా. చెప్తున్నా అనాలో, చెప్పేవాణ్ణి అనాలో ఇప్పుడు తెలీట్లేదు. పోయినేడు మార్చిలో కరోనాతో బడి మూసేనాటికి నా జీతం 16,000. మార్చికి సగం ఇచ్చారు, ఏప్రిల్ నుంచి ఏమీ లేదు. జూలైలో ఆన్‌లైన్ క్లాసులంటే 22 మందిలో ఆరుగురినే పిలిచారు, అందులో నేనున్నా, నెలకు 5,000 అన్నారు, అదీ మూడు నెలలే వచ్చింది. ఈ ఫిబ్రవరి 1న తొమ్మిది, పది క్లాసులు తెరిచాక కాస్త ప్రాణం లేచొచ్చింది. మార్చి 24 నుంచి మళ్ళీ బంద్.

మా ఎదురింట్లో నా దోస్తు ఉంటాడు. ఇద్దరం ఒకే కాలేజీలో బీఈడీ చేశాం, ఒకే రూమ్‌లో ఉండి డీఎస్సీకి చదివాం. 2012లో వాడికి ప్రభుత్వ టీచర్ ఉద్యోగం వచ్చింది, నాకు మార్కున్నర తేడాతో పోయింది. వాడు మంచోడు, అది ముందే చెప్తున్నా. కానీ ఈ ఏడాదంతా వాడి ఇంట్లో ఒకటో తారీఖు వస్తోంది, మా ఇంట్లో రావట్లేదు. మార్చి 22న అసెంబ్లీలో 30 శాతం ఫిట్‌మెంట్, అంటే ప్రభుత్వోద్యోగులకు జీతాల పెంపు, ప్రకటించారు, మరుసటి రోజే బడులు బంద్ అన్నారు. ఆ సాయంత్రం వాళ్ళావిడ స్వీట్ల డబ్బా తెచ్చి ఇచ్చింది. నా కూతురు తింటోంది, నాకేమో గొంతు దిగలేదు.

ఇప్పుడు పొద్దున ఐదింటికి మార్కెట్‌కు పోయి, టీవీఎస్ ఎక్సెల్ మీద కూరగాయలు వేసుకుని కాలనీలు తిరుగుతున్నా. వాడూ నా దగ్గరే కొంటాడు. బేరమాడడు. నాకు ఎక్కువ మంట అక్కడే. నిన్న ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇస్తామంది. తీసుకుంటా, వద్దనే స్థితిలో లేను. కానీ పని లేకుండా పూర్తి జీతం తీసుకునేవాళ్ళను చూస్తే కడుపు రగులుతోంది. నాలాగా ఇంకెవరికైనా ఉందా?

కౌలురైతు_ఖమ్మం
10 ఏప్రిల్, ఉదయం 6:15

ఉంది సార్. మీరు ఇంత మర్యాదగా అడుగుతున్నారు, నేనైతే ఊళ్ళో మొహం మీదే అంటున్నా. బడి లేదు, పిల్లల్లేరు, చాక్‌పీసు పట్టింది లేదు, నెలయ్యేసరికి 50, 60 వేలు ఖాతాలో పడుతున్నాయి. ఎవరి డబ్బు అది? నేను డీజిల్ పోయించుకుంటే కట్టిన పన్ను, మా ఇంట్లో సబ్బు కొంటే కట్టిన పన్ను. లాక్‌డౌన్ల మిర్చి కొనే నాథుడు లేక కోల్డ్ స్టోరేజీ ముందు మూడు రాత్రులు ట్రాక్టర్ కింద పడుకున్నా. నాకెవరూ ఇంట్లో కూర్చో, డబ్బులిస్తాం అనలేదు.

హిందీపండిట్_నల్గొండ
10 ఏప్రిల్, ఉదయం 9:02

ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. తిట్లు పడతాయని తెలిసే రాస్తున్నా.

లెక్కలసార్, మీ బాధ నిజం. దాని మీద నేను ఒక్క మాట కూడా అనను. కానీ కొన్ని విషయాలు సరిగా చెప్పుకుందాం. 2020 మార్చి 30న జీవో 27 వచ్చింది. మాకు సగం జీతమే ఇచ్చారు, మార్చి, ఏప్రిల్, మే మూడు నెలలూ. మంత్రులకు, ఎమ్మెల్యేలకు 75 శాతం, ఐఏఎస్ వాళ్ళకు 60 శాతం ఆపారు. పెన్షన్ తీసుకునే ముసలివాళ్ళకు కూడా సగం కోశారు. ఆ ఆపిన డబ్బు తర్వాత వాయిదాల్లో ఇచ్చారు, కాబట్టి పోయిందని అనను. కానీ హోమ్ లోన్ ఈఎంఐ సగం జీతం అని చూసి ఆగదు కదా.

ఇక పని. ఆగస్టు 27 నుంచి బడికి వెళ్తున్నాం. సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానెళ్ళలో పాఠాలు మొదలయ్యాయి. ఏ పిల్లవాడు చూశాడు, ఏ పిల్లవాడు చూడలేదు అని రోజూ లెక్క రాసి పంపాలి. మా బడిలో టీవీ లేని పిల్లల్ని పక్కింటి టీవీకి జతచేశాం. అక్టోబర్, నవంబర్‌లో ఫోన్ చేస్తే సగం మంది పత్తి ఏరడానికి పోయారు. చేను గట్టు మీద నిలబడి వర్క్‌షీట్ ఇచ్చి వచ్చిన రోజులున్నాయి. అందరు టీచర్లూ ఇలా చేశారని చెప్పను. చేయనివాళ్ళు నాకూ తెలుసు. కానీ "చాక్‌పీసు పట్టింది లేదు" అని అందరినీ ఒకే గాటన కట్టకండి.

కౌలురైతు_ఖమ్మం
10 ఏప్రిల్, ఉదయం 9:30

గట్టు మీద నిలబడి కాగితం ఇచ్చారు. సంతోషం. ఆ చేన్లో పత్తి ఏరిన పిల్లకు రోజుకెంత ఇచ్చారో అడిగారా? మీకు సగం కోశారంటే మిగిలిన సగమే మా ఇంటి ఆర్నెల్ల ఖర్చు సార్. ఆ సగం కోతను బాధగా చెప్పుకుంటుంటే వినడానికి కష్టంగా ఉంది.

వీవీ_సుజాత
10 ఏప్రిల్, మధ్యాహ్నం 2:48

నేను విద్యా వాలంటీర్‌ని, మహబూబాబాద్ వైపు. నేను చెప్పేది ప్రభుత్వ బడిలోనే. నెలకు 12,000. ప్రతి ఏడూ జూన్‌లో కొత్తగా తీసుకుంటారు. 2020 జూన్‌లో తీసుకోలేదు, ఇప్పటికీ లేదు. రాష్ట్రం మొత్తం మీద మాలాంటి వాళ్ళం 12,000 మందికి పైగా ఉన్నాం. నేను కూర్చున్న కుర్చీ అదే స్టాఫ్ రూమ్‌లో ఉంది. పక్క కుర్చీలో మేడమ్‌కు జీతం వస్తోంది, నాకు రాదు. నేను వాళ్ళకంటే తక్కువ చెప్పానని కాదు, మూడు, నాలుగు, ఐదు క్లాసులు నేనొక్కదాన్నే చెప్పా.

ఇప్పుడిస్తామన్న 2,000 ప్రైవేటు టీచర్లకు. మేం ప్రైవేటు కాదు కాబట్టి మాకు రాదు. ప్రభుత్వం కాదు కాబట్టి జీతం లేదు. ఉపాధి హామీ పనికి పోతున్నా. రేటు ఈ ఏప్రిల్ నుంచి 245 అన్నారు, కొలతలు పోయాక మా గ్రూపుకు పడింది రోజుకు 160. మొదటి రోజు గడ్డపార పట్టుకుంటే నేను చదువు చెప్పిన పిల్లల తల్లి "టీచరమ్మా, నువ్వు మట్టి ఎత్తు చాలు, మేం తవ్వుతాం" అంది.

ఇంకో మాట. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే అవ్వకు గౌరవ వేతనం నెలకు 1,000. నెలకు వెయ్యి. ఈ చర్చలో ఆమె గురించి ఎవరూ రాయరని నేను రాస్తున్నా.

నాకు మేడమ్ మీద కోపం లేదా అంటే ఉంది. ఆగస్టులో ఫోన్ చేసి "ఎలా ఉన్నావు సుజాతా" అని అడిగితే జవాబు చెప్పకుండా కట్ చేశా. తర్వాత ఏడ్చా. ఆమె నా ఉద్యోగం తీయలేదు.

చిన్నబడి_యజమాని
10 ఏప్రిల్, రాత్రి 10:21

ఇక్కడ అందరూ మా మీదికి వస్తారని తెలుసు కాబట్టి నేనే ముందు వస్తున్నా. నాది కార్పొరేట్ కాలేజీ కాదు. 340 మంది పిల్లలున్న చిన్న బడి, ఫీజు ఏడాదికి 12 నుంచి 18 వేలు. బిల్డింగ్ అద్దె నెలకు 70,000, రెండు బస్సుల ఫైనాన్స్. 2020 ఏప్రిల్‌లో జీవో 46 వచ్చింది, ఫీజు పెంచొద్దు, నెలనెలా ట్యూషన్ ఫీజు మాత్రమే తీసుకోవాలి అని. మంచిదే, కానీ ఆ నెలనెలా ఫీజు కూడా కట్టినవాళ్ళు వందకు ఇరవై మంది. తల్లిదండ్రులు ఆటో డ్రైవర్లు, టైలర్లు, హోటల్ పనివాళ్ళు. వాళ్ళను నేనెలా నిలదీస్తాను? ఒక బస్సు ఫైనాన్స్ వాళ్ళు తీసుకుపోయారు. టీచర్లకు నేను ఇవ్వలేదు, ఇవ్వలేకపోయా. రాత్రుళ్ళు నిద్ర పట్టదు.

లెక్కలసార్_జనగామ
10 ఏప్రిల్, రాత్రి 10:55

సార్, మీరెవరో నాకు తెలీదు, మా కరస్పాండెంట్ కాదు కాబట్టి ధైర్యంగా అడుగుతున్నా. నష్టం వచ్చినప్పుడు టీచర్‌కు పంచారు. లాభం వచ్చిన ఏళ్ళలో పంచారా? ఎండాకాలం సెలవుల్లో జీతం లేకుండా మమ్మల్ని ఇల్లిల్లూ తిప్పి అడ్మిషన్లు తెమ్మన్నారు, మనిషికి పది అడ్మిషన్ల టార్గెట్. ఆ పదేళ్ళూ మీ బడి నడిచింది మా కాళ్ళ మీద.

లేబర్_లా_వరంగల్
11 ఏప్రిల్, ఉదయం 8:10

అడ్వొకేట్‌ని. కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. లాక్‌డౌన్‌లో మూతపడిన సంస్థలు, దుకాణాలు, ఫ్యాక్టరీలు తమ పనివాళ్ళకు కోత లేకుండా జీతం ఇవ్వాలి అని. అంటే ఇంట్లో ఉన్నా జీతం. కానీ ఆ డబ్బు ప్రభుత్వం ఇవ్వదు, యజమాని ఇవ్వాలి. యజమానులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు, మే 18 నుంచి ఆ ఉత్తర్వే తీసేశారు. జూన్ 12న కోర్టు కూడా యజమానుల మీద బలవంతపు చర్యలు వద్దు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి అంది. 16,000 జీతగాడు కరస్పాండెంట్‌తో కూర్చుని ఏం మాట్లాడుకుంటాడు?

రెండోది. ఫ్యాక్టరీ కార్మికుణ్ణి లే ఆఫ్ చేస్తే, అంటే పని లేదని కొన్నాళ్ళు ఆపితే, పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కొన్ని షరతులతో సగం వేతనం రావాలి. టీచర్‌కు అది కూడా లేదు. ఎందుకంటే టీచర్ ఆ చట్టం కింద "వర్క్‌మన్" కాడని 1988లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది. చదువు చెప్పడం గొప్ప వృత్తి, అది కార్మికుడి పనితో సమానం కాదు అన్న ఆలోచన ఆ తీర్పులో ఉంది. ఆ గౌరవం వల్ల ఇవాళ లెక్కలసార్‌కు లేబర్ ఆఫీసు తలుపు మూసుకుపోయింది.

మూడోది, చిన్నబడి యజమానిగారికి. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో వచ్చిన జీవో 1 ప్రకారం ఫీజుల్లో సగం టీచర్ల జీతాలకు పెట్టాలి. ఇంకో 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా లాంటి వాటికి. యాజమాన్యం లాభం 5 శాతం. మీరు 2019లో ఆ లెక్క పాటించారా? నిలదీయడానికి కాదు, నిజంగా తెలుసుకుందామని అడుగుతున్నా.

చిన్నబడి_యజమాని
11 ఏప్రిల్, ఉదయం 11:47

లేదు. జీతాలకు 35, 38 శాతం దాకా పోయేది. పీఎఫ్ కట్టలేదు. మా చుట్టుపక్కల ఎవరూ కట్టరు, అందుకని నేనూ కట్టలేదు. కట్టి ఉంటే పోయినేడు వాళ్ళు పీఎఫ్‌లోంచి అడ్వాన్స్ తీసుకునేవాళ్ళు, అది నాకు ఇప్పుడు తెలుస్తోంది.

అనకాపల్లి_మాస్టారు
11 ఏప్రిల్, సాయంత్రం 5:20

ఆంధ్రా నుంచి. మాకూ 2020 మార్చి, ఏప్రిల్ జీతాలు సగం ఆపారు. అది హైకోర్టుకు వెళ్తే 12 శాతం వడ్డీతో ఇవ్వమన్నారు, మొన్న ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు 6 శాతానికి తగ్గించింది.

నేను చెప్పాలనుకున్నది వేరే. మే మొదటి వారంలో వైన్ షాపులు తెరిచారు. మా జిల్లాలో టీచర్లకు అక్కడ డ్యూటీ వేశారు. క్యూ చూడాలి, టోకెన్లు ఇవ్వాలి. నేను పోయిన రోజు నా దగ్గర పదో తరగతి చదివిన కుర్రాడు ఆ లైన్లో ఉన్నాడు. నన్ను చూసి ముఖం తిప్పేసుకున్నాడు, టోకెన్ తీసుకోకుండా వెళ్ళిపోయాడు. 24 ఏళ్ళ సర్వీసులో అలాంటి రోజు లేదు నాకు. ఎందుకు వెళ్ళాను? "ఇంట్లో కూర్చోబెట్టి జీతమిస్తున్నారు కదా, ఏం పని చెప్పినా చెయ్యాలి" అని మాకే అనిపించేలా చేశారు కాబట్టి. ఊళ్ళో జనం అంటారు, ఆఫీసర్లు అంటారు, చివరికి మనమే అనుకుంటాం. పని లేకుండా జీతం తీసుకోవడం హాయి అనుకునేవాళ్ళకు ఇది చెప్తున్నా. అయితే లెక్కలసార్ కష్టంతో నా సిగ్గును పోల్చుకోను. నా బియ్యం డబ్బా నిండే ఉంది.

మియాపూర్_అమ్మ
12 ఏప్రిల్, మధ్యాహ్నం 1:05

నేను టీచర్‌ని కాదు, ఐటీ. మా ఆయనా ఐటీనే. ఏడాదిగా ఇంటి నుంచే పని, ఒక్క రూపాయి తగ్గలేదు, పెట్రోల్ ఖర్చు మిగిలింది కూడా.

నా సంగతి చెప్తా. లాక్‌డౌన్ పెట్టగానే పనిమనిషిని రావద్దన్నాం. అపార్ట్‌మెంట్ గ్రూపులో పెద్ద వాదన నడిచింది, రాని రోజులకు జీతం ఇవ్వాలా అని. కొందరు "ఊరికే ఎందుకివ్వాలి, ఇలా అలవాటు చేస్తే రేపు రారు" అన్నారు. నేను గట్టిగా ఇవ్వాలి అన్నాను. ఏప్రిల్‌కు మొత్తం ఇచ్చా, మే నెలకు సగం ఇచ్చా. జూన్‌లో మానేశా. ఎందుకు మానేశానంటే నా దగ్గర కారణం లేదు. డబ్బు ఉంది. ఒక వాషింగ్ మెషీన్, ఒక డిష్‌వాషర్ కొన్నాం, ఆ డిష్‌వాషర్ ఖర్చు ఆమె పది నెలల జీతం. ఆమెను రావద్దన్నది మేము. ఆమె సెలవు అడగలేదు. ఆమె ఇంట్లో కూర్చుంది మా భయం వల్ల, కానీ నాకు అది ఆమె పని చేయని నెలలాగా కనిపించింది.

కౌలురైతు గారూ, మీరు పన్నుల డబ్బు అన్నారు. ఆమెకు ఇవ్వాల్సింది పన్నుల డబ్బు కాదు, నా డబ్బు. అదీ ఇవ్వలేదు. ఈ చర్చ మొత్తం చదివాక నిన్న ఫోన్ చేశాను. చందానగర్ వైపు ఇల్లు మారారట. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇవ్వాల్సింది పంపాను. "ఎందుకమ్మా ఇప్పుడు" అని అడిగింది, నేను సరిగా చెప్పలేకపోయాను.

లెస్టర్_వంటమాస్టర్
13 ఏప్రిల్, తెల్లవారుజామున 3:32

ఇంగ్లండ్ నుంచి. మాది హన్మకొండ, ఇక్కడ ఒక రెస్టారెంట్‌లో చెఫ్‌ని. నన్ను ఏడాదిలో ఎక్కువ నెలలు ఇంట్లో కూర్చోబెట్టి జీతం ఇచ్చారు. ఇక్కడ దాన్ని ఫర్లో అంటారు. 2020 మార్చి 20న ఆర్థిక మంత్రి రిషి సునాక్ ప్రకటించాడు. జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లు మించకుండా. యజమాని ప్రభుత్వం దగ్గర క్లెయిమ్ చేసుకుని మాకు ఇవ్వాలి. నాది వర్క్ వీసా, ప్రభుత్వ సాయం తీసుకోకూడదని దాని మీదే రాసి ఉంటుంది. ఫర్లో దాని కిందికి రాదని ప్రభుత్వం చెప్పాకే నాకు ఊపిరి ఆడింది. మొదటి మూడు నెలలు రెస్టారెంట్ కోసం చిన్న పని కూడా చేయకూడదు, రూల్ అది.

ఇక్కడా అదే కోపం ఉంది. నా భార్య నర్సు. ఏప్రిల్‌లో 12 గంటల డ్యూటీ చేసి, ముఖం మీద మాస్క్ గీతలతో వచ్చేది. నేను తోటలో కొత్తిమీర వేసుకుంటూ కూర్చునేవాణ్ణి. గురువారం రాత్రి 8 గంటలకు వీధంతా బయటికొచ్చి నర్సుల కోసం చప్పట్లు కొట్టేది. నేనూ కొట్టా. ఒక రోజు ఆమె లోపలికొచ్చి "నాకు చప్పట్లు, మీకు జీతమా" అంది. ఆ రాత్రి మేం మాట్లాడుకోలేదు. ఆమెకు అలా అనిపించడంలో తప్పు లేదు. పక్కింటి ఆయన సూపర్ మార్కెట్‌లో పనిచేస్తాడు, ఒక్క రోజు సెలవు లేదు, "మీకు ఎండలో సెలవులు బాగున్నాయి" అన్నాడు. ఆయనకూ నేను జవాబు చెప్పలేదు.

కానీ ఒకటి చూశా. లెస్టర్‌లో మిగతా ఊళ్ళ కంటే ఎక్కువ కాలం ఆంక్షలు ఉన్నాయి, జూన్ 29న మళ్ళీ విడిగా లాక్‌డౌన్ పెట్టారు. నిన్న, అంటే 12న, బయట టేబుళ్ళు వేసి తెరవొచ్చన్నారు. పొద్దున వంటింట్లోకి వెళ్తే పాత మనుషులందరూ ఉన్నారు. తొమ్మిది మందిమి పోయాం, తొమ్మిది మందిమి వచ్చాం. ఎవరూ కూరగాయలు అమ్ముకోవడానికి పోలేదు. లెక్కలసార్ పోస్ట్ చదివితే అందుకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకిచ్చినట్టు మీకూ ఎవరైనా ఇచ్చి ఉంటే మీ దోస్తు ఇంటి నుంచి వచ్చిన స్వీటు గొంతులో అడ్డుపడేది కాదు.

కౌలురైతు_ఖమ్మం
13 ఏప్రిల్, ఉదయం 7:40

అన్నా, అది పౌండ్ల దేశం. మన దగ్గర అంత డబ్బు ఎక్కడిది?

వీవీ_సుజాత
13 ఏప్రిల్, ఉదయం 8:12

మావయ్య లాంటివారు, కోపగించుకోకండి. డబ్బు లేదంటే ఒప్పుకుంటా. కానీ లేనప్పుడు ఉన్నది ఎలా పంచారు అని అడగాలి కదా. ఒకరికి పూర్తి, ఒకరికి సున్నా. మధ్యలో ఏమీ లేదు. నాకు 12,000 కాకపోయినా నెలకు నాలుగు వేలు ఇచ్చినా నేను మేడమ్ ఫోన్ కట్ చేసేదాన్ని కాదు.

కౌలురైతు_ఖమ్మం
13 ఏప్రిల్, ఉదయం 8:50

కోపం లేదమ్మా. నువ్వు అన్నది రాత్రి నుంచి నేను తిప్పుతున్నదే. నేను ఆరెకరాలు కౌలుకు చేస్తా. రైతుబంధు ఎకరాకు 5,000 పంటకు, అది పట్టాదారు ఖాతాలో పడుతుంది. మా పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు, చేను చూసి నాలుగేళ్ళయింది. ఆయన ఇంట్లో కూర్చుంటే డబ్బు, నేను చేన్లో ఉంటే లేదు. ఆయనను నేను ఒక్క మాట అనలేదు ఎప్పుడూ, అంటే వచ్చే ఏడు భూమి ఇవ్వడు. ఊళ్ళో మాస్టారు అయితే అన్నా పడతాడు, అందుకని ఆయన్ను అన్నాను. నిజం చెప్తున్నా. పండిట్‌గారూ, ఆ రోజు నేను రాసింది ఎక్కువైంది.

హిందీపండిట్_నల్గొండ
13 ఏప్రిల్, రాత్రి 9:14

అన్నా, మీరు పత్తి ఏరిన పిల్లకు ఎంతిచ్చారో అడిగారా అన్నారు. అడగలేదు. వర్క్‌షీట్ మీద సంతకం తీసుకుని వచ్చేశా. అది నిజంగా అడగాల్సిన మాటే.

17న నాగార్జునసాగర్ ఉపఎన్నిక పోలింగ్ డ్యూటీ పడింది. రెండు రోజులు ఇటు రాలేను.

లెక్కలసార్_జనగామ
15 ఏప్రిల్, రాత్రి 10:30

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. రాసింది అందరివీ చదివా. మొదటి రోజు నాకు కావాల్సింది ఎవరో ఒకరు "నీ కోపం కరెక్టే" అనడం. ఇప్పుడు వేరే టెన్షన్ వచ్చింది. 2,000 కోసం వివరాలు ఇద్దామని బడికి పోతే యూడైస్ లిస్టులో, అంటే బడులు, టీచర్ల వివరాలుండే ప్రభుత్వ లిస్టులో, నా పేరు లేదు. 11 ఏళ్ళు పనిచేశా, లిస్టులో నా బదులు లెక్కలకు ఇంకెవరిదో పేరుంది, ఆ మనిషి మా బడికి ఎప్పుడూ రాలేదు. ఎక్కువ డిగ్రీలున్న వాళ్ళ సర్టిఫికెట్లు పెట్టి గుర్తింపు తెచ్చుకున్నారట. అడిగితే "చూద్దాం" అన్నారు. ఇవాళే ఆఖరి రోజంటున్నారు. ఏం చేయాలి?

లేబర్_లా_వరంగల్
15 ఏప్రిల్, రాత్రి 10:52

నోటితో చెప్పి ఊరుకోకండి. రేపు పొద్దున్నే కాగితం మీద రాయండి. మీరు పనిచేశారనడానికి ఏమున్నాయో వెతకండి. జీతం బ్యాంకులో పడిందా, చేతికిచ్చారా? అటెండెన్స్ రిజిస్టర్ ఫోటో, పదో తరగతి పరీక్షల ఇన్విజిలేషన్ ఉత్తర్వు, స్కూల్ ఐడీ కార్డు, ఆన్‌లైన్ క్లాసు రికార్డింగ్, ఏదైనా సరే. ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసులో ఇచ్చి రశీదు తీసుకోండి, ఒక కాపీ కలెక్టరేట్‌లో ఇవ్వండి. రశీదు లేకుండా బయటికి రావద్దు.

చిన్నబడి_యజమాని
15 ఏప్రిల్, రాత్రి 11:20

ఇన్విజిలేషన్ ఉత్తర్వు మీద బడి పేరు, మీ పేరు రెండూ ఉంటాయి. అది ప్రభుత్వమే ఇచ్చిన కాగితం కాబట్టి కాదనలేరు. అదే ముందు పెట్టండి. నా బడిలో ఇద్దరి పేర్లు ఇలాగే లేవు, ఇవాళ పొద్దున నేనే పోయి రాసిచ్చి వచ్చా.

హిందీపండిట్_నల్గొండ
22 ఏప్రిల్, ఉదయం 10:05

సాగర్ నుంచి వచ్చిన మూడో రోజు జ్వరం. టెస్ట్ చేయిస్తే పాజిటివ్. ఇంట్లోనే ఒక గదిలో ఉన్నా, ఆక్సిజన్ 96 చూపిస్తోంది. మాతో డ్యూటీ చేసిన వాళ్ళలో చాలామందికి వచ్చింది. ఎక్కువ రాయలేను. లెక్కలసార్ పని ఏమైంది?

కౌలురైతు_ఖమ్మం
22 ఏప్రిల్, ఉదయం 10:11

పండిట్‌గారూ, బోర్లా పడుకోండి, ఆక్సిజన్ గంటకోసారి చూసుకోండి, 94 కంటే తగ్గితే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఆస్పత్రికి పోండి. మా తమ్ముడి విషయంలో ఒక పూట ఆలస్యం చేశాం. ఇక్కడ రోజూ ఒక ముక్క రాయండి, బాగున్నా అని, అంతే చాలు.

లెక్కలసార్_జనగామ
26 ఏప్రిల్, రాత్రి 9:48

పండిట్‌గారు నిన్న కూడా బాగున్నా అని రాశారు, మనసు కుదుటపడింది.

నా పని అయింది. పది పరీక్షల ఇన్విజిలేషన్ కాగితాలు మూడేళ్ళవి దొరికాయి. 16న ఎంఈఓ ఆఫీసుకు మా ఎదురింటి దోస్తు కూడా వచ్చాడు, అక్కడ వాడికి తెలిసినవాళ్ళు ఉన్నారు. బండి మీద పోతుంటే ఈ చర్చ గురించి చెప్పేశా, స్వీట్ల సంగతి కూడా. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తిరిగొచ్చేటప్పుడు పెంబర్తి దాటాక అడిగాడు, "నేను కూరగాయలు బేరమాడితే బాగుండేదారా?" అని. ఏం చెప్పాలో తెలీక "కిలోకు ఐదు రూపాయలు ఆడు, నీకు ఎక్కువ రేటుకే ఇస్తున్నా" అన్నా. అది నిజమే, వాడికి ఎక్కువ రేటు వేస్తున్నా ఇన్నాళ్ళూ. అది కూడా చెప్పేశా.

శనివారం 2,000 పడింది. బియ్యం ఇవాళ రేషన్ షాపు నుంచి తెచ్చుకున్నా. వాడి మీద కోపం పూర్తిగా పోయిందా అంటే పోలేదు, ఒకటో తారీఖు వస్తే మళ్ళీ వస్తుందేమో. కానీ ఆ లిస్టులో నా పేరు బదులు ఇంకొకరి పేరు రాసినవాళ్ళ మీద ఉన్నంత లేదు.

ఒక సాయం కావాలి. ఈ పథకం టీచర్లకే కాదు, స్టాఫ్ అందరికీ ఉంది. మా బడి బస్సు డ్రైవర్లు ఇద్దరు, ఆయమ్మలు ముగ్గురు, వాళ్ళెవరి పేర్లూ పోలేదు. వాళ్ళకు ఇన్విజిలేషన్ కాగితాలు ఉండవు. డ్రైవర్ల లైసెన్సులు, బస్సు ట్రిప్ షీట్ల ఫోటోలు ఉన్నాయి. ఆయమ్మల దగ్గర ఏమీ లేవు, పిల్లల యాన్యువల్ డే ఫోటోల్లో వెనకాల నిలబడి ఉన్నారు, అంతే. లేబర్ లా సార్, ఆ ఫోటోలు పనికొస్తాయా? రేపు పొద్దున పదింటికి పోదామనుకుంటున్నాం.

లేబర్_లా_వరంగల్
26 ఏప్రిల్, రాత్రి 10:03

తేదీ కనిపించే బ్యానర్ ఉన్న ఫోటోలు ఏరి పెట్టండి. ఒక్కో ఆయమ్మకు ఇద్దరు తల్లిదండ్రులతో, ఇద్దరు టీచర్లతో రాసి సంతకం చేయించండి. నమూనా నేను టైప్ చేసి ఇంకో అరగంటలో ఇక్కడే పెడతా.